సమస్యాపూరణం: "బల్లి కోతిచేతఁ బరశు వయ్యె"

నిర్వాహకుడు:

మిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలదిలో, అంటే నాలుగు పాదాల చిన్న పద్యంలో, ఇస్తున్నాను, కొత్తవాళ్లు కూడా భయపడకుండా రాయొచ్చు. నాలుగో పాదం ఇది, ముందు మూడు పాదాలూ రాసి అర్థం కుదిర్చితే అదే పూరణ (పరశువు అంటే గొడ్డలి):

బల్లి కోతిచేతఁ బరశు వయ్యె

ఇది నాకు ఎక్కడ దొరికిందో చెప్తాను. 2021 మార్చిలో వచ్చిన "గాడ్జిల్లా వర్సెస్ కాంగ్" మొన్న మా పిల్లలతో కూర్చుని మళ్లీ చూశాను. అందులో కాంగ్ భూమి లోపలి లోకానికి దిగి, తన పూర్వీకుల కొలువుకూటంలో ఒక గొడ్డలి అందుకుంటాడు చూడండి, ఆ గొడ్డలి అంచు గాడ్జిల్లా జాతి జంతువు వీపు మీది పలక. అంటే బల్లి వీపే కోతి చేతిలో ఆయుధం. మామూలుగా సమస్యలో అసంబద్ధమైన మాట పెట్టి దాన్ని సంబద్ధం చెయ్యమంటాం, ఇక్కడ ఆ మాట తెరమీద ముందే నిజమై కూర్చుంది. కాబట్టి సినిమా కథ చెప్పేస్తే సరిపోతుందని అనుకోకండి. కోతి ఎవరు, బల్లి ఎవరు అన్నది మీరే తేల్చాలి.

సూర్యగణాలు (గురువూ లఘువూ, లేదా మూడు లఘువులు) అయిదూ సరిచూసుకోండి: బల్లి, కోతి, చేతఁ, బరశు, వయ్యె. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం మొదటి అక్షరం కలవడం, "బ"కు "బ". "చేత" అంటే చేతిలో అనీ అవుతుంది, వలన అనీ అవుతుంది, ఆ రెండో దారి కూడా తెరిచే ఉంచాను.

విజయవాడ సభ్యుడు:

గురువుగారూ, మొదటి పూరణ నాదే.

నేల గర్భమందు నిద్రించు కొలువులో
వెన్ను పలక యొకటి వెలుగుచుండె
పూర్వులైన వారు పోరి తెచ్చిన యట్టి
బల్లి కోతిచేతఁ బరశు వయ్యె

నిర్వాహకుడు:

గణాలూ యతులూ శుభ్రంగా ఉన్నాయి. "నేల–నిద్రించు", "పూర్వు–పోరి" యతులు ఎక్కడా లాగినట్టు లేవు, మొదటి రెండు పాదాలు చదువుతుంటే ఆ చీకటి కొలువు, అందులో నీలంగా మెరిసే పలక కళ్లకు కడుతున్నాయి. మూడో పాదంలోనే తేడా వచ్చింది. పూర్వులు తెచ్చింది బల్లిని కాదు, బల్లి వీపు మీది పలకని. పైన "పలక వెలుగుచుండె" అని చెప్పి కింద "తెచ్చిన బల్లి" అనేసరికి ఆ పలక అనాథగా మిగిలిపోయింది. "యట్టి" కూడా గణం కోసం పెట్టిన మాటే, తీసేస్తే అర్థంలో లోటు లేదు. ఇలా అంటే?

పిడికి దానిఁ దొడిగి బిగియించినంతనే
బల్లి కోతిచేతఁ బరశు వయ్యె

ఇప్పుడు "దాని" అన్న మాట పలకని పట్టుకుని కిందికి తెచ్చింది. "పి"కి "బి" యతి.

విజయవాడ సభ్యుడు:

ధన్యవాదాలు గురువుగారూ. పిడి అన్న మాట నాకు తట్టనేలేదు, గొడ్డలి గురించి రాస్తూ పిడి మర్చిపోయాను. సవరణ తీసుకుంటున్నాను.

హనుమకొండ తమ్ముడు:

అన్నా, ఇంటర్ చదివేటప్పుడు నేర్చుకున్న ఛందస్సుతో ప్రయత్నం చేశాను, తప్పులుంటే చెప్పండి. హాంగ్‌కాంగ్ ఫైట్ మీద రాశాను.

హాంగుకాంగులోన నా రాత్రి రంగుల
మేడ లన్ని కూలె మెరుపు లారె
కాంగు లేచి నిలిచె గుండె యాగిన వెన్క
బల్లి కోతిచేతఁ బరశు వయ్యె

నిర్వాహకుడు:

తమ్ముడూ, మొదటి పాదం చూసి సంతోషమేసింది. "హాంగు"కీ "నా రాత్రి"లోని ఆకారానికీ యతి వేశావు. హకారం అకారంతో మైత్రి చేస్తుందని చాలామంది మర్చిపోతారు, నీకు అది సహజంగా పడింది. ఆ నియాన్ దీపాల మేడలు ఒక్కొక్కటీ ఆరుతూ కూలడం "మెరుపు లారె" అన్న రెండు మాటల్లో వచ్చేసింది.

మూడో పాదంలో యతి తప్పింది. "కాం"కు "గుం" వేశావు. క, గ ఒకే వర్గం, అది నిజమే, కానీ అచ్చు కూడా కలవాలి కదా. ఆకారానికి ఉకారం కలవదు. కొత్తవాళ్లు ఎక్కువగా పడే గుంట ఇదే, హల్లు చూసి ఊరుకుంటారు. నీ మాటలే అటూ ఇటూ మారిస్తే చాలు:

గుండె యాగి కాంగు కూలియు లేవఁగా
బల్లి కోతిచేతఁ బరశు వయ్యె

"గుం"కు "కూ". ఇంకో లాభం కూడా కలిగింది చూడు. నువ్వు "లేచి నిలిచె" అని వాక్యం ముగించేశావు, దాంతో నాలుగో పాదం విడిగా పడిపోయింది. "లేవఁగా" అనేసరికి ఆ తర్వాత జరిగింది అందుకుంది. చివర్లో మనుషులు కట్టిన ఇనుప గాడ్జిల్లా, మెకాగాడ్జిల్లా మీదికి కాంగ్ దూకబోయే ముందు గాడ్జిల్లా తన నీలపు మంటని ఆ గొడ్డలి మీదికే ఊదుతాడు. అప్పటిదాకా శత్రువైన బల్లి అక్కడ కోతి చేతి ఆయుధంగా మారింది. పలక సంగతి వదిలేసి బల్లి మనసునే గొడ్డలి చేశావు. ఇది నువ్వు అనుకుని రాశావో లేదో గానీ పద్యంలో మాత్రం ఉంది.

హనుమకొండ తమ్ముడు:

అనుకునే రాశాను అన్నా! ఆ సీన్‌లో నాకు ఒళ్లు గగుర్పొడిచింది. యతి దగ్గరే టెన్షన్ పడ్డాను, హల్లు కలిస్తే చాలనుకున్నాను.

కాకినాడ అమ్మగారు:

బాబూ, నేను ఆ సినిమా చూడలేదు. మా మనవడికి మాత్రం ఆ బొమ్మ ఉంది, పచ్చటి ప్లాస్టిక్‌ది, వీపంతా ముళ్లు. తోక పట్టుకుని ఇల్లంతా తిరుగుతాడు. నిన్న మధ్యాహ్నం దానితో వీధి తలుపు గడియ మీద కొడుతుంటే, బొమ్మ మూతి చొట్టపోయినా చెయ్యి ఆగలేదు. ఆ చప్పుడులోనే ఈ పద్యం వచ్చింది.

తోక పట్టి బొమ్మఁ దూసెను మనుమండు
తలుపు గోడ యనక దంచివేసె
కొట్టవద్దటంచుఁ గోపింప నవ్వెను
బల్లి కోతిచేతఁ బరశు వయ్యె

నిర్వాహకుడు:

అమ్మా, పాదాభివందనం. ఒక్క అక్షరం కూడా మార్చేది లేదు. అల్లరి పిల్లాణ్ని కోతి అనడం మన ఇళ్లలో రోజూ వినే మాటే, ఆ ఒక్క మాటతో సమస్య మొత్తం విడిపోయింది. "తోక–దూసె" యతి వినడానికి కూడా ఎంత బాగుందో, కత్తి ఒరలోంచి తీసినట్టు బొమ్మని దూశాడు. మూడో పాదంలో "నవ్వెను" అన్న చోట పిల్లాడి ముఖం కనపడుతోంది.

విశాఖ సభ్యురాలు:

కాకినాడ అమ్మగారి పద్యం తర్వాత రాయాలంటే మొహమాటంగా ఉంది. నాది మెకాగాడ్జిల్లా వైపు నుంచి.

మనిషి నంచు నిక్కి మఱచెఁ బుట్టుకఁ దాను
ఇనుము తోడ బల్లి నెత్తి కట్టె
తన్నె నరక వచ్చెఁ దలవంపు గాదొకో
బల్లి కోతిచేతఁ బరశు వయ్యె

గుంటూరు మాస్టారు:

అమ్మాయీ, "బల్లి నెత్తి కట్టె" దగ్గర ఆగాను. మీరు "బల్లిని ఎత్తి కట్టె" అనుకున్నారు, చదివేవాళ్లకి "బల్లి నెత్తి", ఆ పక్కన "కట్టె" కనపడతాయి. నెత్తి మీద కట్టె పెట్టినట్టు ఉంది. "బల్లి నిట్టె చేసె" అంటే యతీ పోదు, ఆ తికమకా ఉండదు. ఇంకో మాట, కోతి అంటే మనిషే అని పద్యంలో ఎక్కడ చెప్పారు?

విశాఖ సభ్యురాలు:

మాస్టారూ, సవరణకి ధన్యవాదాలు, "నిట్టె చేసె" తీసుకుంటున్నాను, అంత తేలిగ్గా చేసేశాడన్న అర్థం కూడా కలిసింది. కోతి సంగతి "మఱచెఁ బుట్టుకఁ దాను"లోనే పెట్టాను. తను ఎక్కడి నుంచి పుట్టాడో మర్చిపోయి మనిషినని విర్రవీగినవాడే ఈ కోతి. సినిమాలో కూడా ఆ ఇనుప బల్లిని కట్టించిన కంపెనీ యజమానినే అది మొదట చంపుతుంది.

నిర్వాహకుడు:

పుట్టుక అన్న మాట చాలు, విడమరచి చెప్పక్కర్లేదు. బాగుంది.

హైదరాబాద్ సభ్యుడు:

నేను కొంచెం వెనక్కి వెళ్లాను. గాడ్జిల్లా అసలు పుట్టింది 1954లో, జపాన్‌లో. ఆ ఏడు మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో హైడ్రోజన్ బాంబు పేల్చి చూసింది. దూరంగా చేపలు పడుతున్న ఒక జపాన్ పడవ మీద తెల్లటి బూడిద రాలింది. అది పగడపు దిబ్బ పొడి, మంచులా డెక్ అంతా పరుచుకుంటే పడవవాళ్లు ఉత్త చేతులతో ఊడ్చుకున్నారు. 23 మంది ఉన్నారు అందులో, అందరికీ జబ్బు చేసింది, రేడియో ఆపరేటర్ ఆ సెప్టెంబరులో చనిపోయాడు. నవంబరు 3న సినిమా విడుదలైంది.

దీవి మీదఁ బేల్చి దిక్కులు మండించి
బూది చల్లి పోయె బోటు నిండ
నాటి వేదనంత నడిచె బల్లిగ మారి
బల్లి కోతిచేతఁ బరశు వయ్యె

నిర్వాహకుడు:

ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. "బూది–బోటు" యతి వెతికితే దొరికేది కాదు. ఆ పాత నలుపు–తెలుపు సినిమాలో గాడ్జిల్లా వెళ్లిపోయాక ఆస్పత్రి చూపిస్తారు, నేల మీద వరుసగా పడుకోబెట్టిన మనుషులు, ఒక చిన్నపిల్ల దగ్గర డాక్టరు రేడియేషన్ కొలిచే యంత్రం పెడతాడు. రాక్షస జంతువుల సినిమా చూస్తున్నానన్న సంగతే మర్చిపోతాం అక్కడ. యుద్ధం ముగిసి తొమ్మిదేళ్లే అయింది, చూసేవాళ్లలో ఊళ్లు కాలడం కళ్లారా చూసినవాళ్లు ఎంతమందో.

పద్యానికి వస్తే మూడో పాదం ఒక్కటే తీసి చూస్తే చాలా గొప్పది, "వేదన నడిచె" అన్నారు. అయితే నాలుగో పాదానికి అన్వయం కుదరలేదు. బల్లి పుట్టిందని చెప్పారు, కోతి ఎక్కడి నుంచి వచ్చింది?

హైదరాబాద్ సభ్యుడు:

కోతి అమెరికాది కదండీ, 1933లో న్యూయార్క్‌లో ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కిన కోతి. బాంబు వేసిన దేశపు కోతి చేతిలో, బాంబుకి బలైన దేశపు బల్లి ఆయుధమైందని నా ఉద్దేశం. పద్యంలో రాలేదని ఒప్పుకుంటున్నాను. మూడో పాదం ఇలా మారుస్తే?

నాటి వగపు నేఁడు నాటక మైపోయె
బల్లి కోతిచేతఁ బరశు వయ్యె

నిర్వాహకుడు:

అన్వయం కుదిరింది. కానీ "వేదన నడిచె" పోయింది, నాకు అది పోవడం బాధగా ఉంది. రెండూ ఉంచండి, రెండు పూరణలుగా లెక్కవేద్దాం. సినిమా మీద మీ అభియోగంతో మాత్రం నేను సగమే ఏకీభవిస్తాను. ఆ ఏడుపు కొత్త సినిమాలో లేదు, నిజమే. అయితే ఈ రెండింటినీ మొదటిసారి కొట్టుకునేలా చేసింది అమెరికా కాదు, జపానే, 1962లో, గాడ్జిల్లాని తీసిన తొహో సంస్థే. బల్లిని కోతికి ఎదురు నిలబెట్టింది దాన్ని కన్నవాళ్లే.

గుంటూరు మాస్టారు:

ఇంతసేపూ వింటున్నాను. నాకు ఆ పేరు మీద ఒక సంగతి తెలుసు. జపాన్ భాషలో దాని పేరు గొజిరా. గొరిల్లాని వాళ్లు గొరిరా అంటారు, తిమింగిలాన్ని కుజిరా అంటారు, రెండూ కలిపి ఆ పేరు కట్టారు. అంటే బల్లి పేరులో కోతి ముందే కూర్చుని ఉంది. దాని మీద నా పూరణ:

పేరులోన సగము పెనుకోతిదే కదా
తిమియు సగము గాఁగఁ దీర్చి రచట
బంధువులకుఁ బోరు పాడి కాదని యేమొ
బల్లి కోతిచేతఁ బరశు వయ్యె

హనుమకొండ తమ్ముడు:

మాస్టారూ!! నేను ఈ సినిమాలన్నీ చూశాను, ఈ సంగతి తెలీదు.

నిర్వాహకుడు:

మాస్టారూ, ఈ వారం పూరణల్లో నా మనసులో మొదటి చోటు దీనిదే. సమస్యలోని విడ్డూరాన్ని విడగొట్టడానికి అందరం సినిమాలోకో ఇంట్లోకో చరిత్రలోకో వెళ్లాం, మీరు పేరులోకి వెళ్లారు. "పాడి కాదని యేమొ" అన్న ఉత్ప్రేక్షతో (అలా అయి ఉంటుందేమో అన్న ఊహతో) గొడ్డలి అందివ్వడం బంధుధర్మమైపోయింది. యతులు "పే–పె", "తి–దీ", "బం–పా", నాలుగో పాదం సరేసరి. "తిమి" కొత్తవాళ్లకి తెలియకపోవచ్చు, తిమింగిలంలోని తిమి, పెద్ద చేప. "అచట" అంటే ఎచట అని ఎవరైనా అడుగుతారేమో, జపాన్ పేరు పద్యంలో లేదు. "రచట" బదులు "జపను" అన్న ధ్వని పడే మాట ఏదైనా కుదురుతుందా అని చాలాసేపు చూశాను, కుదరలేదు.

గుంటూరు మాస్టారు:

నేనూ చూశాను. ఇంకా చూస్తాను.

విశాఖ సభ్యురాలు:

ఒక్క మాట. ఈ కొత్త సినిమాలోని చిన్నపిల్ల జియా మీద ఎవరూ రాయలేదు. వినపడని పిల్ల, ఓడ మీద వానలో కాంగ్ తన చేతులతో "ఇల్లు" అని సైగ చేస్తే చూసి అర్థం చేసుకుంటుంది. ఆ పాత్ర వేసిన అమ్మాయికి కూడా నిజంగానే వినపడదు. ఇన్ని మేడలు కూలిన సినిమాలో నాకు గుర్తుండిపోయింది ఆ సైగే.

నిర్వాహకుడు:

సరిగ్గా అడిగారమ్మా. అయితే వచ్చే వారం సమస్య అదే, ఆటవెలదే:

కన్ను వినెను మాట కరము పలుక

శుక్రవారం రాత్రి లోపు పంపండి. కాకినాడ అమ్మగారూ, మీరు తప్పకుండా రాయాలి.