లాటిన్‌లో ‘వాసన వేయడం’, ‘వాసన చూడడం’

ప్రశ్న:
కొంతకాలంగా లాటిన్ సొంతంగా చదువుకుంటున్నాను. మల్లెపూలు వాసన వేస్తాయి, మనం వాటిని వాసన చూస్తాం. తెలుగులో ‘వాసన’ అనే మాట మారదు, పక్కన వచ్చే క్రియ మారుతుంది. లాటిన్‌లో ఈ రెండింటికీ విడి క్రియలు ఉన్నాయా? ఉంటే ఆ భేదం దాని వారసభాషల్లోనూ, కృత్రిమంగా రూపొందించిన ఎస్పెరాంటో భాషలోనూ నిలిచిందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
ఉన్నాయండి. వాసన వేయడం ‘ఒలేరె’, వాసన చూడడం ‘ఒల్‌ఫకెరె’. స్త్రీలు ఏ వాసనా వేయకపోవడం వల్లనే మంచి వాసన వేస్తున్నట్టు తోస్తారని రోమన్ వక్త సిసెరో క్రీ.పూ. 60లో మిత్రుడు అట్టికస్‌కు రాసిన ఉత్తరంలో వాడినది మొదటి క్రియ. రెండవదానికి రోమన్ కవి కటుల్లస్ కవిత కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు: మిత్రుడు ఫబుల్లస్‌ను విందుకు పిలిచి, భోజనం మాత్రం నువ్వే తెచ్చుకోవాలని చెప్పి, బదులుగా ఒక సుగంధలేపనం ఇస్తానంటాడు, దాన్ని వాసన చూసిన మరుక్షణం తన ఒళ్ళంతా ముక్కుగా మార్చమని ఫబుల్లస్ దేవతలను వేడుకుంటాడట. ఇవి కాక, పరిమళించడానికి ‘ఫ్రగ్రారె’, కంపు కొట్టడానికి ‘ఫేటేరె’ ఉన్నాయి. మాంసం కాలేటప్పుడు లేచే వాసనకైతే ‘నీడొర్’ అనే ప్రత్యేక నామమే ఉంది. మన ‘కమురు’ దానికి కొంత దగ్గరది, కాని నీడొర్ నోరూరించేది కూడా కావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండి. నామవాచకం ‘ఒడొర్’ కదా, క్రియలో ‘డ’ స్థానంలో ‘ల’ ఎలా వచ్చింది?

జవాబు 1:
రెండింటి మూలధాతువు ఒక్కటే, అందులో ఉన్నది ‘డ’కారమే. ప్రాచీన లాటిన్‌లో ‘డింగ్వ’గా ఉన్న నాలుక ‘లింగ్వ’ అయినట్టే, ఈ క్రియలోనూ ‘ల’ వచ్చింది. ఇది రోమ్ పొరుగున ఉండిన సబైన్ ప్రజల మాండలిక ప్రభావమని కొందరు పండితుల అభిప్రాయం. గ్రీకులో అదే ధాతువు నుంచి వచ్చిన ‘ఓజైన్’ అనే క్రియను ఆధారం చేసుకొనే, ఘాటైన వాసన గల వాయువుకు రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్ 1840లో ఓజోన్ అని పేరు పెట్టాడు.

జవాబు 2:
వారసభాషల సంగతి నేను చెబుతాను. స్పానిష్‌లో ‘ఒలేర్’ అనే ఒకే క్రియ రెండు పనులూ చేస్తుంది. ఫ్రెంచ్‌లో అనుభూతిని తెలిపే ‘సాంతీర్’ ఆ రెండు అర్థాలనూ తనలో కలుపుకుంది. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ‘ఫ్రగ్రారె’ ప్రయాణం: రెండు ‘ర’కారాలలో మొదటిది ‘ల’గా మారి, ఫ్రెంచ్‌లో పసిగట్టడాన్ని తెలిపే ‘ఫ్లేరె’గానూ, పోర్చుగీసులో ‘షైరార్’గానూ స్థిరపడింది. పరిమళించడం అన్న అర్థంతో బయలుదేరిన క్రియ ముక్కు చేసే పనికి పేరైంది.

1887లో జామెన్‌హోఫ్ ప్రకటించిన ఎస్పెరాంటోలో ఆ భేదం మళ్ళీ స్పష్టంగా కనిపిస్తుంది. గులాబీ ‘ఓడోరాస్’, దాన్ని వాసన చూసే మనిషి ‘ఫ్లారాస్’. రెండవది ఫ్రెంచ్ ‘ఫ్లేరె’కు బంధువే. మంచి వాసన గలది ‘బోనోడోరా’ అయితే, దాని ముందు ‘మల్’ చేరిస్తే కంపు కొట్టేది అవుతుంది కాబట్టి లాటిన్‌లోలాగా దానికి వేరే ధాతువు నేర్చుకోనవసరం లేదు.