అప్‌డేట్: నెట్‌ఫ్లిక్స్ సిరీస్ 'కిల్లర్ సూప్' కథ మన నాగర్‌కర్నూల్ కేసేనా అని అడిగాను కదా

జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ఎక్కువ మంది అన్నట్టే, బీజం అక్కడిదే. 2017లో ఓ భార్య తన భర్తను చంపి, ప్రియుడి ముఖం మీద యాసిడ్ పోయించి, భర్త స్థానంలో ఆసుపత్రిలో పడుకోబెట్టిన కేసు. శాకాహారి కావడంతో ఆ ప్రియుడు మటన్ సూప్ వద్దన్నాడు, ఇంట్లోవాళ్లకి అనుమానం వచ్చింది. చివరికి వేలిముద్రలు పట్టించాయి. ఇంత విడ్డూరం ఏ రచయితా ధైర్యం చేసి రాయడు!

సిరీస్‌లో మాత్రం ఊరు మారింది, తమిళనాడు వైపు మైంజూర్ అనే కల్పిత పట్టణం. మనోజ్ బాజ్‌పాయ్‌ది ద్విపాత్రాభినయం. కొంకణా సేన్ శర్మకి హోటల్ పెట్టాలని కల, చేతివంట మాత్రం దేవుడికే ఎరుక. మన నాజర్ పోలీసు. ట్రైలర్‌లో ఆ పాయా సూప్ తాగేటప్పుడు బాజ్‌పాయ్ మొహం చూసి పడీపడీ నవ్వాను.

దర్శకుడు అభిషేక్ చౌబే. 'ఇష్కియా' నాటి నుంచీ ఆయన వెటకారం నాకిష్టం. నిజంగా ఒక ప్రాణం పోయిన కేసుని నవ్వులాటగా తీయొచ్చా అని ఒకరు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. పేర్లు, ఊరు మార్చేశారు కాబట్టి నాకంత ఇబ్బంది అనిపించట్లేదు.

2024 జనవరి 11న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మొత్తం ఎనిమిది ఎపిసోడ్లూ ఒకేసారి. చూసే రాత్రి సూప్ మాత్రం ఆర్డర్ చేయను.