కాంటర్‌బరీ కథల్ని నాటకంగా చూసినవాళ్లు, వేసినవాళ్లు ఉన్నారా?

వాణి_లెస్టర్: మాది పద్నాలుగు మంది ఉన్న ఔత్సాహిక నాటక బృందం. ఈసారి పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రాసిన కాంటర్‌బరీ కథలు వేద్దామని నేనే పట్టుబట్టాను. కాంటర్‌బరీకి తీర్థయాత్ర పోయేవాళ్లు దారిలో ఒకళ్లకొకళ్లు చెప్పుకునే కథలు కదా. కథలు 24, మాకున్నది గంటన్నర. ఏవి ఉంచమంటారు? టాబర్డ్ సత్రంలో యాత్రికులు కలవడం, దారి పొడవునా వాళ్ల వాదులాట చూపించాలా, నేరుగా కథల్లోకి దిగాలా?

పాత_టికెట్టు: ప్రయాణాన్ని తియ్యకండి వాణి గారూ, నాటకమంతా అందులోనే ఉంది. 2005లో స్ట్రాట్‌ఫర్డ్‌లో రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ వేసిన మైక్ పౌల్టన్ రూపాంతరం చూశాను. అది రెండు భాగాలు, చాలా కథలకి చోటుంది. గంటన్నరలో మూడుకి మించితే ఒక్కటీ మనసున నిలవదు.

కిల్‌బర్న్_కోడలు: నేనైతే యాత్రికుల్లో ఒకావిడైన బాత్ ఊరి ఇల్లాలిని (వైఫ్ ఆఫ్ బాత్) వదలను. నవలా రచయిత్రి జేడీ స్మిత్ ఆవిణ్ణి లండన్‌లో మా పేటకి తెచ్చి ‘ద వైఫ్ ఆఫ్ విల్స్‌డెన్’ రాసింది. 2021లో కిల్న్ థియేటర్‌లో చూశాను. ఇందులో ఆ ఇల్లాలి పేరు అల్వీటా, క్లేర్ పెర్కిన్స్ వేసింది. చాసర్ దగ్గర ఈవిడ స్వగతం 856 పాదాలు, చెప్పే కథ అందులో సగమైనా లేదు! స్మిత్ ఆ కొలతని చెడగొట్టలేదు. అయిదుగురు మొగుళ్ల సంగతీ ఆవిడ నోటే తీరిగ్గా విన్నాం. కథని మాత్రం పద్దెనిమిదో శతాబ్దపు జమైకాకి మార్చింది. అయిదో మొగుడు కొట్టిన దెబ్బకి చెవి వినపడకుండా పోయిన ఘట్టంలో నా పక్క సీటు పెద్దావిడ చప్పుడు లేకుండా కళ్లు తుడుచుకుంది. స్వగతం కత్తిరించకండి, దయచేసి.

తెర_వెనక: మేం కాలేజీలో మిల్లర్ కథ వేశాం. ప్రళయం వస్తుందని వడ్రంగిని నమ్మించి కప్పుకి కట్టిన తొట్టెలో పడుకోబెడతారు కదా, మేం నిజంగానే తొట్టె వేలాడదీశాం. రెండో రోజు ముడి జారి కుర్రాడి మోచెయ్యి చీరుకుపోయింది. మర్నాటి నుంచి నిచ్చెన పైమెట్టు మీద కూర్చోబెట్టి చేతికి ఉత్త తాడిచ్చాం. వడ్రంగిని నమ్మించిన నికొలస్ “నీళ్లు!” అని అరవగానే వడ్రంగి తాడు వదిలేస్తాడు, లోపల్నుంచి రేకు మీద ఒక్క దెబ్బ. తొట్టె ఉన్న రోజుకంటే ఎక్కువ నవ్వారు. తొట్టె జోలికి పోకండి.

పాత_టికెట్టు: మూడోది పార్డనర్ (పాపక్షమాపణ పత్రాలు అమ్ముకునేవాడు) చెప్పే కథ పెట్టండి. చావుని చంపుతామని బయల్దేరిన ముగ్గురికి చెట్టు కింద బంగారం దొరుకుతుంది, దానికోసం ఒకళ్లనొకళ్లు చంపుకుంటారు. మన బౌద్ధ జాతక కథల్లో వేదబ్భ జాతకంలోనూ ఇదే ఎత్తు.

వాణి_లెస్టర్: సరే, ఆ మూడే. తొట్టె మానేశాం, స్వగతం జోలికి వెళ్లం. మరి ముగింపు? చాసర్ వాళ్లని కాంటర్‌బరీ చేర్చనే లేదు.

తెర_వెనక: చేర్చకండి. పార్డనర్ కథ ఆఖర్న పెట్టండి. కథ అవగానే అతను సత్రం యజమానికి దొంగ పవిత్రావశేషాలు అంటగట్టబోతాడు, ఇద్దరూ గొడవపడతారు. యాత్రికుల్లోని నైట్ (యోధుడు) మధ్యలో దూరి ఇద్దరిచేతా ముద్దు పెట్టించి రాజీ చేస్తాడు. మళ్లీ దారి పడతారు. అక్కడ దీపాలు ఆర్పేయండి.