భౌతిక దూరం పాటిస్తూ ఊరికే వీధిలో నడిస్తే తప్పా? (చెన్నై, జూన్ 2020)

పెరంబూరు వాసి (జూన్ 22, సోమవారం)
పొద్దున నేను నడుస్తుంటే ఎవరో ఫోటో తీసి మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. "ఇలాంటివాళ్ళ వల్లే మన జోన్‌లో కరోనా కేసులు తగ్గట్లేదు" అని కింద రాశారు. నాకు 58 ఏళ్ళు, షుగర్ ఉంది. మా తిరువికనగర్ జోన్ సంగతి నాకూ తెలుసు.

19 నుంచి 30 దాకా గట్టి లాక్‌డౌన్. సరుకులు కావాలంటే 2 కిలోమీటర్లలోపు, బండి తీయకుండా నడిచి వెళ్ళి తెచ్చుకోమన్నారు. అంటే సంచి పట్టుకుని కొట్టు ముందు పదిమందితో నిలబడితే ఎవరూ ఏమీ అనరు. ఖాళీ వీధిలో నాలుగు చుట్లు తిరిగితే తప్పయిందా?

ఆరింటికి బయల్దేరి ఆరున్నరకి ఇంట్లో ఉంటాను. మాస్కు తీయను. ఎదురింటి తాత మేడ మీద నిలబడి ఉంటారు. తమిళాయన. 11 ఏళ్ళుగా ఎదురెదురుగా ఉంటున్నాం, పలకరించుకున్నది లేదు. ఏప్రిల్‌లో ఒకరోజు ఆయనే పైనుంచి "సాప్టాచ్చా" (తిన్నారా) అని అడిగారు. అప్పట్నుంచి రోజూ ఒక మాట. ఈమధ్య మూడు రోజులు కనబడకపోతే నాకు టెన్షన్ పట్టుకుంది. గేటు బయటి నుంచే వాళ్ళ కోడలిని కేకేసి అడిగాను. జ్వరం కాదు, మోకాళ్ళ నొప్పులట. ఆవిన్ పాల బూతు దగ్గర సున్నంతో గీసిన గుండ్రాల్లో నిలబడి కూడా ఇద్దరు ముగ్గురితో మాట కలిసింది.

నిన్న ఆదివారం పూర్తిగా బంద్. నేనూ బయటికి రాలేదు. అమావాస్య కాబట్టి తమిళుల వాకిళ్ళలో కోలాలు (ముగ్గులు) లేవు, పైగా గ్రహణం. కిటికీలోంచి చూస్తే ఊరు ఊరంతా ఖాళీ చేసి పోయినట్టుంది. సామాజిక దూరం పాటిస్తూనే మనిషి మొహం చూడటం తప్పంటే నేను ఒప్పుకోలేను.

మూడో అంతస్తు, విల్లివాక్కం
అన్నగారూ, అడక్కుండా ఫోటో తీయడం తప్పే. కానీ వాళ్ళ భయం కూడా అర్థం చేసుకోండి. మా అపార్టుమెంటులో 12 ఇళ్ళు, ఒకే మెట్లు, ఒకే గేటు గడియ. మా అమ్మకి 76. 65 దాటినవాళ్ళు ఇల్లు కదలొద్దని కేంద్రం చెప్పింది. మార్చి నుంచి ఆమె గుమ్మం దాటలేదు.

నడక మొదలయ్యేది ఒంటరిగానే. మూల తిరిగేసరికి ఇద్దరవుతారు, ముగ్గురవుతారు. మాట వినబడట్లేదని మాస్కు గడ్డం కిందికి దిగుతుంది. బాల్కనీలోంచి రోజూ చూస్తున్నాను. మే 5న మూసేదాకా కోయంబేడు కూరగాయల మార్కెట్టుకి వెళ్ళొచ్చినవాళ్ళలో ఎవరైనా తెలిసి అంటించారా? అక్కడి నుంచి ఎన్ని జిల్లాలకి పాకిందో చూశాం కదా. నా ఒక్కడి వల్ల ఏమవుతుందనే అందరూ అనుకున్నారు.

కేసులు వచ్చాయని మా పక్క వీధికి తగరం రేకులు అడ్డం కట్టారు. వాటి సందులోంచి ఒక పిల్లాడు పాల ప్యాకెట్టు కోసం చెయ్యి చాపడం చూశాను. ఆ తర్వాత నాకు నడక మీద మనసు పోలేదు. ఇంకో వారం ఆగలేమా?

అయనావరం
మేడ మీద నడవొచ్చు కదండీ? మా నాన్న రోజూ నీళ్ళ ట్యాంకు చుట్టూ తిరుగుతున్నారు.

పెరంబూరు వాసి
మేడ తాళం ఓనర్ దగ్గర ఉంటుంది. అద్దెకున్నవాళ్ళకి ఇవ్వరు. రెండు గదుల్లో నలుగురం ఉన్నాం.

వార్డు డ్యూటీ
ప్రభుత్వాసుపత్రిలో నర్సుని. ఆరుబయట పక్కనుంచి దాటిపోయే మనిషి కంటే, కిటికీలు మూసిన గదిలో గంటసేపు కూర్చునే చుట్టంతోనే నాకు భయం ఎక్కువ. షుగర్ ఉన్నవాళ్ళు నడక మానకండి, కానీ ఎక్కడా ఆగకండి. తాతగారు మేడ మీద, మీరు వీధిలో ఉంటే ఫరవాలేదు. బూతు దగ్గర కబుర్లు వద్దు. నైట్ డ్యూటీ ఉంది, వెళ్తాను.

పుళియాంతోపు అమ్మాయి
మా అమ్మ తూయ్మై పణియాళర్. వీధులు ఊడుస్తుంది. చెన్నైలో ఈ పనిలో మన తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో ఇక్కడి పాతవాళ్ళకి తెలుసు. మార్చి 25 నుంచి ఆమెకి పని ఆగలేదు, నిన్న గ్రహణం రోజు కూడా. బస్సుల్లేవు కాబట్టి చీకటితోనే లేచి నడిచి వెళ్తుంది. మీరిద్దరూ వీధి గురించే మాట్లాడుకున్నారు గానీ ఆమె మీకు గుర్తు రాలేదు.

ఒక ఇంటావిడ రోజూ గేటు మీద మజ్జిగ సీసా పెట్టి, వెనక్కి జరిగి, "తీసుకోమ్మా" అంటుంది. అదే వీధిలో ఒకాయన, తనకి మాస్కు లేకపోయినా, "దూరంగా ఉండు" అని అరుస్తాడు. ఇద్దరూ ఆరడుగుల దూరంలోనే ఉంటారు. అమ్మకి తేడా తెలుస్తుంది. కరోనా రాకముందు కూడా ఆయన అమ్మకి గ్లాసుతో నీళ్ళివ్వలేదు, దోసిట్లో పోసేవాడు.

అందుకే అడుగుతున్నాను, "సామాజిక దూరం" అనకండి. అది మా తాతల కాలం నుంచి మేం పడుతున్నదే. ప్రపంచ ఆరోగ్య సంస్థవాళ్ళు కూడా మార్చిలోనే భౌతిక దూరం అనడం మొదలుపెట్టారు. "మన పెద్దలు మడి ఊరికే పెట్టారా" అని ఇప్పుడు మెసేజీలు తిప్పుతున్నారు. చదివితే కడుపు రగిలిపోతోంది.

పెరంబూరు అన్నా, మీరు నడవండి. చీపురు పట్టుకున్నవాళ్ళు ఎదురైతే వాళ్ళనీ "తిన్నావా" అని అడగండి, దూరం నుంచే.

మూడో అంతస్తు, విల్లివాక్కం
చెల్లీ, నువ్వు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. మా వీధి ఊడ్చే ఆవిడ పేరు నాకు తెలియదు, అమ్మకి తెలుసు. బాల్కనీలోంచి రోజూ మాట్లాడుతుందట. నేను కోప్పడతానని ఇన్నాళ్ళూ చెప్పలేదు.

మాస్కు దించి గుంపు కట్టే నడకని మాత్రం నేను ఇప్పటికీ ఒప్పుకోను.

పెరంబూరు వాసి
శీర్షికలో మాట మార్చాను. పోస్టులో అలాగే ఉంచాను, లేకపోతే ఈ అమ్మాయి ఎందుకు అడిగిందో తర్వాత చదివేవాళ్ళకి అర్థం కాదు. బూతు దగ్గర ఆగడం మానేస్తాను. రేపు ఆరింటికి నడకకి వెళ్తున్నాను. ఫోటో తీసేవాళ్ళు తీసుకోనివ్వండి.