మనుషులున్న నౌక వస్తే మిగతా మిషన్లన్నీ పక్కకు తప్పుకోవాలా?

నక్షత్రవీధి:
దూరపు అంతరిక్ష నౌకలతో మాట్లాడే పెద్ద డిష్‌ల వ్యవస్థ, నాసా డీప్ స్పేస్ నెట్‌వర్క్‌కి ఉన్నవి మూడే కేంద్రాలు: గోల్డ్‌స్టోన్ (అమెరికా), మాడ్రిడ్ (స్పెయిన్), కాన్‌బెర్రా (ఆస్ట్రేలియా). 2022 చివర్లో ఆర్టెమిస్-1 చంద్రుడి దాకా వెళ్లొచ్చిన 25 రోజులూ దానికే పెద్దపీట వేసి, సైన్స్ మిషన్లకు దక్కే డిష్ సమయంలో కోత పెట్టారు. అందులో మనుషులు కూడా లేరు. ఉంటే కోత ఇంకా పెరుగుతుంది. ఇది సబబేనా?

ధ్రువతార:
సబబే. లోపల మనుషులుంటే లింక్ తెగడం ప్రాణాల మీదికొస్తుంది. 2020 మార్చి నుంచి దాదాపు 11 నెలలు కాన్‌బెర్రాలోని 70 మీటర్ల డిష్‌ని బాగుచేస్తుంటే, ఎంతో దూరంలో ఉన్న వాయేజర్-2 నౌకకి మామూలుగా కమాండ్లు పంపడం కుదరలేదు. అయినా అది నిక్షేపంగా ఉంది కదా!

నక్షత్రవీధి:
ఆ ఉదాహరణ నా వాదనకే బలం అండీ. ఆ విరామం ముందే తెలుసు కాబట్టి అన్నీ సర్దిపెట్టుకున్నారు. పైగా ఆగింది చెప్పడమే, వినడం కాదు. అక్కడే ఉన్న 34 మీటర్ల డిష్‌లు డేటా అందుకుంటూనే ఉన్నాయి.

అసలు చూడాల్సింది, పోయిన గంట మళ్లీ దొరుకుతుందా అన్నది. వాయేజర్-2 సెకనుకు 160 బిట్ల చొప్పున కొలతలను అప్పటికప్పుడు పంపేస్తుంది, దాచుకోదు. ఆ సమయంలో ఏ డిష్ కూడా అటు తిరిగి లేకపోతే ఆ కొలత శాశ్వతంగా పోయినట్టే. అంత దూరం వెళ్లి కొలిచే నౌక మనకు ఇంకొకటి ఎప్పుడొస్తుంది? జేమ్స్ వెబ్ టెలిస్కోప్‌కి రికార్డర్ ఉంది గానీ, అందులో పట్టేది సుమారు ఒక రోజు డేటానే. పాస్‌లు (డిష్‌తో మాట్లాడేందుకు కేటాయించిన సమయాలు) తప్పితే అది నిండిపోతుంది, పరిశీలనలు ఆపాల్సి వస్తుంది. అంగారకుడి చుట్టూ తిరిగే నౌకల సంగతి వేరు, ఒకే డిష్ నాలుగింటి దాకా ఒకేసారి వినగలదు. అందరికీ ఒకే కొలబద్ద ఎలా పెడతాం?

ధ్రువతార:
ఒప్పుకుంటాను. కానీ ఎమర్జెన్సీ వస్తే మాత్రం డిష్‌లన్నీ మనుషుల వైపే తిరగాలి. అక్కడ బేరాల్లేవు.

నక్షత్రవీధి:
అందులో నాకూ రెండో మాట లేదు. నేనడిగేది మామూలు రోజుల షెడ్యూల్ గురించి. చంద్రుడు సుమారు 3.84 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉన్నాడు, వాయేజర్-2 ఏమో 2,000 కోట్ల కిలోమీటర్లు దాటిపోయింది. చంద్రుడి నుంచి మాటలకు, నావిగేషన్‌కు చిన్న యాంటెన్నాలు చాలు. నాసా 18 మీటర్ల తరగతివి అందుకోసమే ప్లాన్ చేసింది. అవి వచ్చేదాకా వ్యోమగాముల హెచ్‌డీ వీడియో కాస్త తగ్గించి, 70 మీటర్ల డిష్‌ని దూరపు నౌకలకు వదలమంటున్నాను.