లాప్‌టాప్‌లో ఉన్న 8 జీబీ ర్యామ్‌కి తోడు ఇంకో 8 వేయాలా, అది పీకేసి ఒకటే 16 వేయాలా?

చెరువుగట్టు, భీమవరం:
మా అమ్మాయి ఇంజినీరింగ్‌కని కొన్న లాప్‌టాప్ అండి. 8 జీబీ డీడీఆర్4 (నాలుగో తరం) ర్యామ్, 3200 స్పీడు. రెండు స్లాట్లలో ఒకటి ఖాళీ. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. బ్రౌజరూ ఆటోక్యాడూ కలిపి తెరిస్తే నత్తనడక. షాపతనేమో "రెండు కంపెనీలవి కలవవు, పాతది నాకిచ్చేసి 16 ఒక్కటే వేయించుకోండి" అంటున్నాడు. నిజమేనా?

కొబ్బరాకు, అమలాపురం:
పాతది తనకివ్వమన్నాడు చూశారా, అక్కడుంది కిటుకు! కంపెనీలు వేరైనా చాలావరకు కలుస్తాయండి. రెండూ డీడీఆర్4 అవ్వాలి. స్పీడులో తేడా ఉంటే రెండూ తక్కువదాని స్పీడుకే నడుస్తాయి. ఎప్పుడో ఒక జత మొరాయిస్తుంది, అందుకని వాపసు తీసుకునే చోట కొనండి. ఇంకో 8 తగిలిస్తే డ్యూయల్ చానెల్, అంటే డేటా ఒకేసారి రెండు దారుల్లో వెళ్తుంది. 3200 ర్యామ్‌కి ఒక చానెల్‌లో సెకనుకి గరిష్ఠంగా 25.6 జీబీ, రెండింట్లో 51.2. మీ లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి తేడా తెలుస్తుంది. చేలోకి ఒక తూము బదులు రెండు తూములన్నమాట.

చక్కెరపాకం, తణుకు:
తూములు సరే, చెరువులో నీళ్లుండాలి కదండీ!

కొబ్బరాకు, అమలాపురం:
8, 8 కలిపినా 16 యే. నీళ్లేం తగ్గాయి?

చక్కెరపాకం, తణుకు:
ఇవాళ తగ్గవు. రేపటి సంగతి చెబుతున్నా. నేనూ మీలాగే రెండు 8లు వేసి స్లాట్లు నింపేశాను. ఏడాదిన్నరకే చాలక రెండూ పీకి 16లు కొన్నాను. ఆ 8లు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. బ్రౌజర్‌కీ ఎక్సెల్‌కీ ఎన్ని చానెళ్లున్నా పెద్ద తేడా ఉండదు. ఇప్పుడు 16 ఒకటి, తర్వాత ఇంకో 16.

లంకకుర్రోడు, రాజోలు:
అసలు పాతది పీకడం ఎందుకండీ? దాని పక్కన 16 పెడితే 24. ఇంటెల్‌లో దీన్ని ఫ్లెక్స్ మోడ్ అంటారు. 8కి 8 జతకట్టి 16 వరకూ డ్యూయల్, మిగతా 8 సింగిల్. కాకపోతే కొనేముందు మూత తీసి చూడండి, కొన్నింట్లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది. గరిష్ఠంగా ఎంత పడుతుందో కంపెనీ సైట్‌లో చూడండి. నేను తొందరపడి డీడీఆర్5 కొన్నాను. దానికి 262 పిన్నులు, మనదానికి 260, గాడి కూడా వేరేచోట. దిగితే ఒట్టు!

చెరువుగట్టు, భీమవరం:
రాజోలు తమ్ముడి మాటే విన్నానండి, 16 తెచ్చాను. బ్యాటరీ కనెక్టరు ఊడదీసి, ఏటవాలుగా దింపి నొక్కితే టిక్‌మంది. ఆన్ చేస్తే నిమిషం పాటు నల్ల స్క్రీనే, టెన్షన్‌తో చెమటలు పట్టేశాయి. తర్వాత వచ్చింది. సీపీయూ-జెడ్‌లో (లాప్‌టాప్ లోపలి వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) మెమరీ దగ్గర డ్యూయల్ అనే చూపిస్తోంది.

చక్కెరపాకం, తణుకు:
అలాగే చూపిస్తుందిలెండి. 16కి పైనున్న ఆ 8 మాత్రం ఒంటరిదే, సింగిల్ చానెలే. బీరువాలో చోటు ఉంచుకోండి.