ఎడమ చెయ్యి పనిచేయని అత్తమ్మ తన పని తనే చేసుకోవాలంటే బాత్రూంలో ఏమేం అమర్చాలి?

ఖమ్మం కోడలు

అందరికీ నమస్కారం. మా అత్తమ్మకు 67 ఏళ్లు. సంక్రాంతి వెళ్లిన వారానికి పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. కాలు చాలావరకు తిరిగొచ్చింది. నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని ఇంట్లో నడుస్తున్నారు. చెయ్యి మాత్రం రాలేదు, వేళ్లు ముడుచుకునే ఉంటున్నాయి. మాట, జ్ఞాపకం బాగున్నాయి.

సాయంత్రం నాలుగు దాటితే ఆమె నీళ్లు తాగడం మానేశారు. మొదట నాకు అర్థం కాలేదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ చేసి జ్వరం వచ్చాక, ఒక రాత్రి పక్కన కూర్చుని అడిగితే చెప్పారు: "నువ్వు కడగాల్సి వస్తుందని తాగట్లేదమ్మా." ఎడమ చెయ్యి లేదు, అన్నం తినే చేత్తో కడుక్కోవడానికి మనసు రావట్లేదు. నేను కడుగుతుంటే కళ్లు మూసుకుంటారు. నాకేం ఇబ్బంది లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు ఇబ్బందే కదా.

మాది పాత ఇల్లు, ఇండియన్ టాయిలెట్. దాని మీద కమోడ్ కుర్చీ వేశాం. పోయిన నెల టవల్ రాడ్ పట్టుకుని లేవబోతే అది గోడలోంచి ఊడొచ్చింది. కుర్చీలోనే కూలబడ్డారు కాబట్టి సరిపోయింది. స్నానం, బట్టలు, జడ అన్నీ నేనే చూస్తున్నాను. 20 వేల దాకా ఖర్చు పెట్టగలం. ఇంట్లో వాడి చూసినవాళ్లు చెప్పండి. ఆన్‌లైన్‌లో ఫొటోలు చూస్తే నాకేమీ తేలట్లేదు.

తెనాలి టీచరు

అమ్మా, నాకూ ఎడమ పక్కే. ఆరేళ్లయింది, ఒక్కదాన్నే ఉంటాను. మీ అత్తగారు మీతో అన్న మాట నేను మూడు నెలలు ఎవరితోనూ అనలేకపోయాను. అందుకే ముందు దాని గురించే రాస్తున్నాను.

డబ్బులో సగం పోయినా సరే, వెస్టర్న్ కమోడ్ పెట్టించండి. దాని సీటు కింద బిగించే బిడే అని ఒకటి వస్తుంది. కరెంటు అక్కర్లేదు, ఫ్లష్ ట్యాంకుకు వచ్చే నీళ్ల పైపుకే కలుపుతారు. పక్కనున్న నాబ్ తిప్పితే సన్నటి గొట్టంలోంచి నీళ్లు కావలసిన చోటే పడతాయి, చెయ్యి తగలనక్కర్లేదు. నాబ్ కుడి పక్క ఉన్నదే చూసి కొనండి. కొద్దికొద్దిగా తిప్పమనండి, ఒక్కసారిగా తిప్పితే ధార గట్టిగా కొడుతుంది. నాకు మా మేనల్లుడు బిగించాడు. ఆ రోజు సాయంత్రం భయం లేకుండా రెండోసారి కాఫీ తాగాను. కమోడ్ పెట్టించేదాకా హెల్త్ ఫాసెట్‌ను (చేత్తో నొక్కే నీళ్ల స్ప్రే) కుర్చీకి కుడి పక్కన తగిలించండి. ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలి. ఇన్‌ఫెక్షన్ వచ్చిందన్నారు కాబట్టి చెబుతున్నాను.

స్నానానికి బకెట్ నేల మీద పెట్టకండి. ఆమె కూర్చునే ఎత్తుకు స్టూలు వేసి దాని మీద పెట్టండి, వంగే పని తప్పుతుంది. సబ్బు ఒంటి చేతిలో నిలవదు. వల సంచిలో వేసి కుళాయికి కట్టాను. బీరకాయ పీచును పొడుగాటి కర్ర గరిటెకు కుట్టుకున్నాను, వీపుకి అదే. తడి గుడ్డను కుళాయికి చుట్టి మెలితిప్పితే ఒంటి చేత్తో పిండొచ్చు. ఒళ్లు తుడుచుకోవడం కష్టమనిపించి, స్నానం కాగానే పాత నూలు నైటీ తొడుక్కుని ఐదు నిమిషాలు కూర్చుంటాను. తడంతా అదే పీల్చుకుంటుంది. తర్వాత పొడి బట్టలు.

బట్టలు వేసుకునేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు, విప్పేటప్పుడు బాగున్న చెయ్యి ముందు. లంగాకు బొందు తీసేసి ఎలాస్టిక్ వేయించండి. జాకెట్‌కు హుక్కుల బదులు ముందువైపు వెడల్పు వెల్‌క్రో కుట్టించండి. ఉతికేటప్పుడు దాన్ని అంటించి ఉంచకపోతే పీచు పట్టి పనికిరాకుండా పోతుంది. చీరకు కుచ్చిళ్లు ముందే కుట్టించి పెట్టుకున్నాను. నైటీలు వేసుకుంటే సులువు కదా అని చాలామంది అన్నారు. నలభై ఏళ్లు చీరతో ఉన్న మనిషిని, నాకు చీరే కావాలి. మీ అత్తగారికి ఏది కావాలో ఆమెనే అడగండి.

టూత్ బ్రష్, దువ్వెన పట్టు జారుతుంటే సైకిల్ హ్యాండిల్ గ్రిప్ తొడగండి.

వరంగల్ ఓటీ

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును (ఓటీ). జబ్బు చేసినవాళ్లు రోజువారీ పనులు మళ్లీ సొంతంగా చేసుకునేలా నేర్పడం మా పని. టీచరుగారు చెప్పినవన్నీ నిజంగా పనికొచ్చేవి. కొన్ని జాగ్రత్తలు కలుపుతాను.

టవల్ రాడ్ మనిషి బరువు మోయదు. గాలి పీల్చుకుని అంటుకునే సక్షన్ హ్యాండిళ్లు కూడా నమ్మొద్దు. స్టీలు గ్రాబ్ బార్‌ను (పట్టుకుని లేచే కడ్డీ) ఇటుక గోడలోకి డ్రిల్ చేసి బిగించాలి, టైలుకో ప్లాస్టరింగ్‌కో కాదు. ముందు ఆమెను కమోడ్ మీద కూర్చోబెట్టి, కుడి చెయ్యి ఎక్కడికి హాయిగా అందుతుందో అక్కడ పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. బార్ అక్కడే ఉండాలి. పాదాలు నేలకు పూర్తిగా ఆనాలి, మోకాళ్లు తుంటి కంటే కాస్త కిందికి ఉంటే లేవడం తేలిక.

ఎడమ పక్క పక్షవాతంలో కొందరికి ఎడమ వైపున్నది మనసుకు ఆనదు. పళ్లెంలో ఎడమ సగం అన్నం మిగిలిపోతోందా, నడిచేటప్పుడు ఎడమ భుజం తలుపుకు తగులుతోందా చూడండి. అలా ఉంటే ఒంటరిగా స్నానానికి పంపేముందు మీ ఫిజియోకో డాక్టరుకో చెప్పండి. ఆ పక్క స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి వేడినీళ్లు ఎప్పుడూ కుడి చేత్తోనే చూసుకోవాలి. ఎడమ చెయ్యి పట్టుకుని పైకి లేపకండి, భుజం కీలు జారొచ్చు. ముడుచుకున్న అరచేతిని రోజూ మెల్లగా తెరిచి కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. గోళ్లు పెరిగితే అరచేతిలో గుచ్చుకుని పుండ్లు పడతాయి.

బాత్రూం తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించండి. లోపల గడియ వద్దు, పరదా వేస్తే మర్యాదకు లోటుండదు.

సదరం క్యాంపులో వైకల్య పరీక్ష చేయించి, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకున్నారా? వైకల్యం 40 శాతం ఉంటే పింఛనుకు అదే ఆధారం. ఆదాయం తక్కువగా ఉన్న 60 దాటినవారికి 2017లో నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద చేతికర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు ఉచితంగా ఇస్తారు. వాటిని పంచే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో క్యాంపు మీ జిల్లాలో ఎప్పుడో కలెక్టరేట్‌లోని వికలాంగుల సంక్షేమ శాఖలో అడగండి.

ఖమ్మం కోడలు

రెండు నెలల తర్వాత రాస్తున్నాను, ఆలస్యమైంది. కమోడ్, బిడే, రెండు గ్రాబ్ బార్‌లు పెట్టించాం. పళ్లెంలో ఎడమ పక్క అన్నం నిజంగానే మిగులుతోంది. ఓటీగారు చెప్పేదాకా నేను గమనించలేదు. అందుకే స్నానమప్పుడు పరదా బయట స్టూలు వేసుకుని కూర్చుంటున్నాను. టాయిలెట్ పని పూర్తిగా ఆమెదే. మంచం పక్కన తాగే నీళ్ల చెంబు రాత్రికి ఖాళీ అవుతోంది.

టీచరుగారూ, చీర కుచ్చిళ్లు ఆమె దగ్గరుండి కుట్టించుకున్నారు. జుట్టు కత్తిరిస్తే తేలికని క్లచ్చర్ కూడా తెచ్చాను, వద్దన్నారు. జడ మాత్రం నన్నే వేయమన్నారు.